వాడిన విద్య, వాడని ఆటబొమ్మ

1989వ సంవత్సరం ద్వితీయార్ధంలో, కొద్ది నెలల వ్యవధిలో, అమెరికాలోని ఆటబొమ్మల దుకాణాలకు రెండు చిన్న యంత్రాలు వచ్చాయి. రెండూ చేత పట్టుకొని ఆడుకొనే వీడియో ఆటల యంత్రాలే. మొదటిది జపాను దేశపు నింటెండో సంస్థ తయారుచేసిన గేమ్ బాయ్. దాని తెరకు రంగులు లేవు. పాలిపోయిన ఆకుపచ్చ మీద ముదురు ఆకుపచ్చ చుక్కలు, అంతే. తెర వెనుక దీపమూ లేదు. చీకటిలో అది ఒక ప్లాస్టిక్ డబ్బా మాత్రమే. వెల సుమారు 90 డాలర్లు. రెండవది అటారీ సంస్థవారి లింక్స్. దాని తెర మీద 4,096 రంగులలో ఏవైనా 16 ఒకేసారి కనిపించేవి. తెర వెనుక దీపం వెలిగేది. బొమ్మలను క్షణంలో పెద్దవిగా, చిన్నవిగా మార్చగల ప్రత్యేక సర్క్యూట్లు ఉండేవి. ఎడమచేతి వాటం పిల్లల కోసం యంత్రాన్ని తలక్రిందులు చేసి పట్టుకొనే సౌకర్యం కూడా కల్పించారు. వెల సుమారు 180 డాలర్లు.

గుణగణాల పట్టికను పక్కపక్కన పెట్టి చూస్తే చాలా వరుసలలో లింక్స్‌దే పైచేయి. కాని పందెం గెలిచింది గేమ్ బాయ్. అది, దాని తరువాత వచ్చిన రంగుల రూపం కలిసి ప్రపంచమంతటా 11 కోట్ల 86 లక్షలకు పైగా అమ్ముడుపోయాయి. లింక్స్ 1990ల మధ్యకే కనుమరుగైపోయింది. ఇది వ్యాపార ప్రకటనల మహిమ అని కొందరు తేల్చివేస్తారు. ప్రకటనల బలం, ఆటల సంఖ్య పనిచేయకపోలేదు. కాని అసలు కారణం ఇంజనీరింగుకు సంబంధించినది. అది తెలియాలంటే మరికొన్ని సంవత్సరాలు వెనక్కు వెళ్ళాలి.

చేతిలో ఇమిడే ఎలక్ట్రానిక్ ఆటలకు పుట్టినిల్లు లెక్కల యంత్రం. 1976లో మెటెల్ సంస్థ అమ్మిన ఆటో రేస్ అనే ఆటలో ఉన్నది క్యాలిక్యులేటర్ల కోసం తయారైన చిప్పే. తెర మీద కార్లంటే ఎర్రగా వెలిగే చిన్న గీతలు. ఆట మొత్తాన్ని నడిపే ఆదేశాలకు ఉన్న చోటు 512 బైట్లు. ఈ పుటలో ఉన్నన్ని అక్షరాలకు కూడా అది చాలదు. పైగా ఆ యంత్రంలో ఆడగలిగేది ఆ ఒక్క ఆటే. విసుగు పుడితే అటక మీద పారవేయవలసిందే.

ఒకే యంత్రంలో పలు ఆటలు ఆడే వీలు మొదటిసారి కలిగించినది 1979 నవంబరులో మిల్టన్ బ్రాడ్లీ సంస్థ విడుదల చేసిన మైక్రోవిజన్. జే స్మిత్ అనే ఇంజనీరు దాని రూపకర్త. ఆటకొక అచ్చు చొప్పున మార్చుకొనే కార్ట్రిడ్జ్‌లు దాని ప్రత్యేకత. తెరలో అడ్డంగా 16, నిలువుగా 16, వెరసి 256 చుక్కలు. ఇందులో ఒక వింత ఉన్నది. యంత్రంలో మెదడు లేదు! గణించే చిప్పు ప్రతి కార్ట్రిడ్జ్‌లోనూ విడివిడిగా ఉండేది. చేతిలో మిగిలే భాగం తెర, మీటలు, ఒక తిరగలి పిడివంటి బొత్తాము, బ్యాటరీలు మాత్రమే. తొలినాళ్ళలో కొన్ని కార్ట్రిడ్జ్‌లలో ఇంటెల్ సంస్థవారి 8021 చిప్పు వాడారు. దాని దాహానికి తొమ్మిది వోల్టుల బ్యాటరీలు రెండు కావలసివచ్చాయి. టెక్సస్ ఇన్‌స్ట్రుమెంట్స్ వారి పొదుపరి చిప్పుకు మారిన తరువాత ఒకటి సరిపోయింది. రెండవ బ్యాటరీ గూడు అదనపు బ్యాటరీ దాచుకొనే అరగా మిగిలింది. చేతి యంత్రాల చరిత్రలో ఇక ముందు జరగబోయే కథ అంతా ఆ ఖాళీ గూడులోనే ఉన్నదనిపిస్తుంది.

ఇల్లలకగానే పండుగ కాలేదు. కార్ట్రిడ్జ్ దూర్చే చోట లోహపు కొనలకు ఏ రక్షణా లేదు. తివాచీ మీద నడిచివచ్చిన పిల్లవాడి వేలినుండి ఎగిరే చిన్న స్థిరవిద్యుత్తు మెరుపుకే చిప్పు కాలిపోయేది. చలికాలంలో హీటర్లు వేసి ఇళ్ళలో గాలి పొడిబారే దేశాలలో ఇది నిత్యకృత్యం. తెర సంగతి మరీ దారుణం. గాజు పలకల మధ్య నింపిన ద్రవస్ఫటికం కాలక్రమాన కారి, పాడై, తెర అంతా నల్లని మరకలతో నిండిపోయేది. ఈనాడు పాత యంత్రాలు సేకరించే వారి దగ్గర ఉన్న మైక్రోవిజన్లలో చాలావాటికి ఈ తెగులు తగిలినదే. డజను ఆటలైనా నిండీ నిండకుండానే 1981లో దాని ఉత్పత్తి ఆగిపోయింది. ఆలోచనలో లోపం లేదు. ఆనాటికి ద్రవస్ఫటికపు తెర ఇంకా పచ్చికాయ.

ద్రవస్ఫటికం అన్న మాటే విరుద్ధంగా వినిపిస్తుంది. 1888లో ప్రాగ్ నగరంలో ఫ్రెడరిక్ రైనిట్జర్ అనే వృక్షశాస్త్రజ్ఞుడు కొలెస్టరాల్‌కు చెందిన ఒక పదార్థాన్ని వేడిచేస్తూ ఉండగా అది సుమారు 145 డిగ్రీల వద్ద కరిగి మబ్బు పట్టిన ద్రవమైంది. 179 డిగ్రీల దాపున ఆ మబ్బు విడిపోయి ద్రవం తేటపడింది. ఒకే పదార్థానికి రెండు ద్రవీభవన స్థానాలా? ఆ మధ్య దశలో అణువులు నీటిలోవలె కదులుతూనే, స్ఫటికంలోవలె ఒక దిక్కుకు తిరిగి నిలబడతాయి. ఏటి ప్రవాహంలో కొట్టుకుపోయే కర్రపుల్లలన్నీ ఒకే వైపు తిరిగి ఉన్నట్లు ఊహించుకోవచ్చు.

ఎనభై ఏళ్ళపాటు ఇది ప్రయోగశాల వింతగానే ఉండిపోయింది. 1968లో అమెరికాలో ఆర్‌సీఏ సంస్థకు చెందిన జార్జ్ హైల్మయర్ బృందం దానితో తొలి తెరలను ప్రదర్శించింది. తరువాత కొద్ది సంవత్సరాలకు మరింత మెరుగైన పద్ధతి వచ్చింది. రెండు గాజు పలకల మధ్య ద్రవస్ఫటికపు అణువులను మెలితిరిగిన మెట్లవలె 90 డిగ్రీలు తిప్పి అమరుస్తారు. పలకలకు ఇరువైపులా ధ్రువణ ఫలకాలు ఉంటాయి. ఆ మెట్ల వెంబడి కాంతి కూడా మెలితిరిగి బయటపడుతుంది. విద్యుత్ పీడనం తగిలించగానే అణువులు నిటారుగా నిలబడతాయి, మెలిక పోతుంది, కాంతికి దారి మూసుకుపోతుంది. అక్కడ నల్లని చుక్క కనిపిస్తుంది. గమనించవలసిన విషయం ఒకటే: ఇది తనంత తాను వెలిగే దీపం కాదు. బయటి వెలుతురుకు తలుపు తీసి, మూసే ద్వారపాలకుడు. తలుపు మూయడానికి పట్టే విద్యుత్తు అత్యల్పం. 1973లో జపానుకు చెందిన షార్ప్ సంస్థ అమ్మిన ద్రవస్ఫటిక క్యాలిక్యులేటరు ఒక్క పెన్సిల్ బ్యాటరీతో 100 గంటలు పనిచేసింది.

ఇక్కడ కథలోకి గున్‌పే యొకోయి ప్రవేశిస్తాడు. 1941లో క్యోటో నగరంలో జన్మించిన యొకోయి అక్కడి దోషిషా విశ్వవిద్యాలయంలో ఎలక్ట్రానిక్స్ చదివాడు. తరగతిలో ముందు వరుస విద్యార్థి కాడు. పెద్ద సంస్థలలో ఉద్యోగం దొరకక, 1965లో ఊళ్ళోనే ఉన్న నింటెండోలో చేరాడు. 1889లో పేకముక్కల తయారీతో మొదలైన సంస్థ అది. ఆ ముక్కలు అచ్చువేసే యంత్రాలు చెడిపోకుండా చూడటం అతని పని. యంత్రాలు బాగానే నడిచేవి. అతనికి పొద్దు గడిచేది కాదు. ఒకనాడు కాలక్షేపానికి కత్తెరవలె ముడుచుకొని, సాచుకొనే ఒక ఆటచేయి తయారుచేసుకున్నాడు. అది సంస్థ అధ్యక్షుడు హిరోషి యమౌచి కంటపడింది. పిలుపు వచ్చింది. చీవాట్లు తప్పవనుకొని వెళ్ళిన యువకుడిని, దానిని అమ్మకానికి తగినట్లు తయారుచేయమన్నాడు యమౌచి. 1966లో అల్ట్రా హ్యాండ్ పేరుతో వచ్చిన ఆ బొమ్మ పది లక్షలకు పైగా అమ్ముడుపోయింది. పేకముక్కల సంస్థకు ఆటబొమ్మల విభాగం ఏర్పడింది. యంత్రాలకు నూనె పోసే ఉద్యోగి ఆటల రూపకర్త అయ్యాడు.

1970ల చివర ఒకసారి బుల్లెట్ రైలులో ప్రయాణిస్తూ, ఎదుట కూర్చున్న ఒక ఉద్యోగి ఏమీ తోచక క్యాలిక్యులేటరు బొత్తాలు నొక్కుతూ పొద్దుపుచ్చటం యొకోయి చూశాడట. ఇతరుల కంట పడకుండా అరచేతుల మధ్య దాచుకొని ఆడుకొనే ఆట ఒకటి ఉంటే ఎలా ఉంటుంది? ఆ ఊహకు కాలమూ కలిసివచ్చింది. అప్పటికి క్యాలిక్యులేటర్ల మధ్య ధరల యుద్ధం ముగిసి, ఆ విపణి నిండిపోయింది. ద్రవస్ఫటికపు తెరలు తయారుచేసే కర్మాగారాలకు కొత్త పని కావాలి. షార్ప్ సంస్థ ముందుకు వచ్చింది. 1980 ఏప్రిల్ 28న గేమ్ అండ్ వాచ్ వరుసలో మొదటిదైన బాల్ విడుదలైంది.

ఆ తెరలో చుక్కలు లేవు. క్యాలిక్యులేటరులో అంకె గీతలు ముందే గాజుమీద అచ్చై ఉన్నట్లు, ఇందులో బొమ్మ ఎత్తిన చేయి ఒకటి, దించిన చేయి ఒకటి, బంతి ఉండదగిన ప్రతి చోటూ ఒకటి ముందే రూపుదిద్ది ఉంచారు. ఏది వెలుపలికి కనిపించాలో చిప్పు నిర్ణయిస్తుంది. అందుకే కదలిక గెంతులు గెంతులుగా ఉంటుంది. అయితేనేమి, బొత్తాము బ్యాటరీలతో నెలల తరబడి నడిచేది. ఆడనప్పుడు గడియారంగా పనికివచ్చేది. ఆ వరుసలో వచ్చిన యంత్రాలన్నీ కలిసి 4 కోట్ల 34 లక్షలు అమ్ముడుపోయాయి. 1982లో వచ్చిన డాంకీ కాంగ్ యంత్రానికి, జేబులో పట్టని మీట కర్రకు బదులుగా, నాలుగు దిక్కులా నొక్కగలిగే బల్లపరుపు శిలువ ఆకారపు బొత్తామును యొకోయి అమర్చాడు. అప్పటినుంచి ఆటల యంత్రం లేని దేశం ఉన్నదేమో కాని, ఆ శిలువ బొత్తాము లేని ఆటల యంత్రం అరుదు.

తన పద్ధతికి యొకోయి ఒక పేరు పెట్టుకున్నాడు. జపాను భాషలోని ఆ మాటకు స్థూలార్థం, వాడిపోయిన సాంకేతిక విద్యను పక్కదారి పట్టించి ఆలోచించటం. ఇంగ్లీషులోకి దించినప్పుడు ఈ మాట నీరుకారిపోతుంది. తెలుగులో మాత్రం అదృష్టవశాత్తు అచ్చంగా ఒదుగుతుంది. మనకు వాడిన పువ్వూ ఉన్నది, వాడిన వస్తువూ ఉన్నది. యొకోయి మాటలో రెండు అర్థాలూ కలిసే ఉన్నాయి. పలువురు వాడి వాడి, గుణదోషాలన్నీ బయటపడి, చవకబడి, కొత్త మెరుపు తగ్గిన విద్య అది. దానిని ఎవరూ ఊహించని చోట నాటాలి. పాత చింతకాయ పచ్చడి అని మనం చులకనగా అంటాం కాని, ఆ పచ్చడి రుచి ఎరిగినవారు పాతదాన్నే వెతుక్కుంటారు.

గేమ్ బాయ్ నిర్మాణంలో ఈ సూత్రానికి పెద్ద పరీక్ష ఎదురైంది. యొకోయి విభాగంలోని ఇంజనీరు సతోరు ఒకాడా, కార్ట్రిడ్జ్‌లు మార్చుకుంటూ సంవత్సరాల తరబడి నిలిచే సిసలైన యంత్రం కావాలని పట్టుబట్టాడు. చవకగా, తేలికగా ఉండాలన్నది యొకోయి పట్టు. ఇద్దరి మధ్య వాదోపవాదాలు సాగాయి. ఫలితంగా వచ్చిన యంత్రంలో ఇద్దరి ముద్రా ఉన్నది. ప్రాసెసరు 1970ల నాటి 8080, జెడ్80 చిప్పుల సంతతికి చెందినది. పని చేయడానికి కేవలం 8 కిలోబైట్ల స్మృతి. తెరలో 160 నిలువు వరుసలు, 144 అడ్డు వరుసలు, నాలుగు ఛాయలు. రంగుల తెరలు అప్పటికి లేకపోలేదు, కావాలనే వద్దనుకున్నారు. నల్లబల్ల మీద రెండు సున్నలు చుట్టి మంచుబొమ్మ అంటే చూసేవారి మనసే దానికి తెల్లరంగు వేసుకుంటుందని యొకోయి వాదన.

తెర దగ్గరే గండం వచ్చిపడింది. ఇన్ని వరుసలున్న తెరకు ప్రతి చుక్కకూ విడిగా తీగ వేయటం అసాధ్యం. ఒక్కొక్క వరుసకు వంతులవారీగా విద్యుత్తు అందించాలి. వరుసలు పెరిగినకొద్దీ, నల్లబడవలసిన చుక్కకూ, తెల్లగా ఉండవలసిన చుక్కకూ అందే పీడనాల మధ్య తేడా తరిగిపోతుంది. 90 డిగ్రీల మెలిక ఉన్న తెర అంత స్వల్ప భేదాన్ని గుర్తించలేక వెలవెలబోతుంది. నమూనా చూసిన యమౌచి, ఏమీ కనబడటం లేదని పెదవి విరిచాడు. యొకోయి కుంగిపోయాడు. చివరకు మెలికను 90 డిగ్రీలను దాటించి బాగా పెంచిన కొత్తరకం తెర ఆదుకున్నది. అందులో అణువులు కొద్దిపాటి తేడాకే దిగ్గున లేచి నిలబడతాయి. గేమ్ బాయ్‌కు ఆ పసరు రంగు రావటానికి కారణం ఈ అమరికే. అణువులు తిరిగి సర్దుకోవటం నిదానం కాబట్టి వేగంగా కదిలే బొమ్మల వెనుక నీడ తోక సాగేది. 1989 ఏప్రిల్ 21న, 12,500 యెన్‌ల వెలతో, ఈ లోపాలతోనే యంత్రం జపాను విపణిలోకి వచ్చింది.

ఇక బ్యాటరీల లెక్క. గేమ్ బాయ్ నాలుగు పెన్సిల్ బ్యాటరీలతో సుమారు 15 గంటలు ఆడేది. లింక్స్ ఆరింటితో నాలుగైదు గంటలు. అంటే పదిహేను గంటల ఆటకు ఒకదానికి నాలుగు బ్యాటరీలు, మరొకదానికి ఇంచుమించు ఇరవై. దోషం లింక్స్ రూపకర్తలది కాదు. దానిని ఎపిక్స్ సంస్థలో రూపొందించిన డేవ్ నీడిల్, ఆర్. జె. మైకల్ అంతకుముందు అమీగా కంప్యూటరుకు పనిచేసిన సమర్థులు. దోషం భౌతికశాస్త్రానిది. రంగుల తెరకు ప్రతి చుక్క ముందూ ఎరుపు, ఆకుపచ్చ, నీలి వడపోతలు ఉండాలి. వాటికి ధ్రువణ ఫలకాలు తోడై, వెనుకనుండి వచ్చే కాంతిలో అత్యధిక భాగాన్ని మింగివేస్తాయి. మిగిలే కొద్దిపాటి వెలుగు కంటికి ఆనాలంటే వెనుక గొట్టపు దీపం ఒకటి ఎడతెగకుండా వెలగాలి. ద్వారపాలకుడి జీతం తక్కువే, కాని దివిటీ పట్టేవాడి కూలి తడిసి మోపెడు! పోటీదారు రంగుల యంత్రం తెస్తున్నాడన్న వార్త విన్నప్పుడు యొకోయి, రంగులదే కదా అని అడిగి తెలుసుకొని, అయితే మనకు భయం లేదన్నాడని ప్రసిద్ధి. 1990లో జపానులో, మరుసటి ఏడు అమెరికాలో వచ్చిన సేగా వారి గేమ్ గేర్ కూడా ఆరు బ్యాటరీల బకాసురుడే. అది కోటి వరకు అమ్ముడుపోయింది, కాని గేమ్ బాయ్ దరిదాపులకు రాలేదు.

ఈ లెక్క పిల్లలకు తెలియదు. బ్యాటరీలు కొనే తల్లిదండ్రులకు బాగా తెలుసు. ఆ దశకంలో పిల్లలను పెంచిన ప్రవాస కుటుంబాలకు వేరే చెప్పనక్కరలేదు. సెలవులలో బంధువుల ఇంటికి పది గంటల కారు ప్రయాణం, స్వదేశానికి రోజు దాటే విమాన ప్రయాణం, వీటన్నిటికీ సరిపడే ఆట కావాలి. చీకటి పడ్డాక వెనుక సీటులో పిల్లవాడు వీధి దీపం వెలుగు తెరమీద పడినంతసేపు ఆడి, తరువాతి దీపం కోసం ఎదురుచూసేవాడు. అలనాడు గుడి అరుగు మీద గీతలు గీసుకొని చింతగింజలతో పులిజూదం ఆడిన వారి పిల్లలు వీరు. ఆ ఆటకూ వెన్నెలో, లాంతరో కావలసివచ్చింది కదా!

మందకొడి తెరకు తగిన ఆట దొరకటం మరొక అదృష్టం. 1984లో మాస్కోలోని సోవియట్ సైన్సు అకాడమీ గణన కేంద్రంలో అలెక్సీ పజిత్నోవ్ అనే పరిశోధకుడు టెట్రిస్ అనే ఆటను తయారుచేశాడు. నాలుగేసి గడుల ముక్కలు పైనుండి దిగుతూ ఉంటాయి. ఖాళీ లేకుండా పేర్చాలి. అతని కంప్యూటరుకు బొమ్మలు గీసే శక్తే లేదు. ముక్కలను అక్షరాలతో, కుండలీకరణ చిహ్నాలతో చూపించాడు. కాబట్టి ఆ ఆటకు రంగులతోగాని వేగంతోగాని పని లేదు. ముక్కలు మెట్టు మెట్టుగా దిగుతాయి కాబట్టి తెరమీది నీడ తోక బాధించదు. జపానులో స్థిరపడిన హెంక్ రోజర్స్ అనే ఆటల వ్యాపారి 1989 ఆరంభంలో మాస్కో వెళ్ళి, ప్రభుత్వ సంస్థ ఎలోర్గ్‌తో మాట్లాడి చేతి యంత్రాలకు హక్కులు సంపాదించాడు. పిల్లలకు మాత్రమే అమ్మాలనుకుంటే మారియో ఆటను జతచేయండి, అందరికీ అమ్మాలనుకుంటే టెట్రిస్‌ను జతచేయండి అని అమెరికా శాఖ అధిపతి మినోరు అరకావాను ఒప్పించాడు. అరకావా ఆ మాట విన్నాడు. ఫలితంగా పిల్లలు నిద్రపోయాక తల్లిదండ్రులు ఆడుకొనే మొదటి ఆటబొమ్మ తయారైంది. ఆటను సృష్టించిన పజిత్నోవ్‌కు మాత్రం హక్కుల ప్రతిఫలం అందటానికి 1996 వరకు ఆగవలసివచ్చింది.

1993లో రష్యా వ్యోమగామి అలెగ్జాండర్ సెరెబ్రోవ్ గేమ్ బాయ్‌ను, టెట్రిస్‌ను మీర్ అంతరిక్ష కేంద్రానికి తీసుకువెళ్ళాడు. గల్ఫ్ యుద్ధకాలంలో బాంబు దాడికి కాలి, ముందుభాగం కరిగిపోయిన మరొక యంత్రం ఇంకా పనిచేస్తూ ఉండగా, దానిని న్యూయార్క్‌లోని నింటెండో దుకాణంలో అనేక సంవత్సరాలు ప్రదర్శించారు. స్థిరవిద్యుత్తు మెరుపుకే కన్నుమూసిన మైక్రోవిజన్‌కూ దీనికీ మధ్య గడిచినది పదేళ్ళు మాత్రమే.

తన సూత్రం యొకోయిని చివరివరకు కాపాడలేదు. 1995లో అతని బృందం రూపొందించిన వర్చువల్ బాయ్ అనే యంత్రం కంటికి ఆనించుకొని లోతుగల దృశ్యాలు చూసేది. అన్నీ ఎర్రటి గీతలే. అది ఎనిమిది లక్షలైనా అమ్ముడుపోకుండా ఏడాదిలోపే మూలపడింది. 1996 ఆగస్టులో, ముప్పై ఏళ్ళకు పైగా పనిచేసిన సంస్థను యొకోయి వదిలాడు. వర్చువల్ బాయ్ పరాజయమే కారణమని పత్రికలు రాశాయి. తాను చాలాకాలంగా స్వతంత్రంగా పనిచేయాలనుకుంటున్నానని అతను చెప్పుకున్నాడు. అదే సంవత్సరం ఫిబ్రవరిలో, ముసలిదైపోయిందనుకున్న గేమ్ బాయ్‌కు జపానులో పోకెమాన్ వచ్చి కొత్త ప్రాణం పోసింది. చిన్ననాట పురుగులను పట్టి సేకరించిన సతోషి తజిరి, రెండు గేమ్ బాయ్‌లను కలిపే తీగ మీదుగా పురుగులు అటూ ఇటూ పాకి వెళుతున్నట్లు ఊహించుకొని తయారుచేసిన ఆట అది. పందేలకోసం పెట్టిన తీగ ఇచ్చిపుచ్చుకోవటానికి పనికివచ్చింది. గేమ్ బాయ్ ఉత్పత్తి 2003 వరకు సాగింది.

యొకోయి కోటో అనే చిన్న సంస్థ స్థాపించి, బాండాయ్ సంస్థ కోసం మరొక చేతి యంత్రం రూపకల్పనకు పూనుకున్నాడు. 1997 అక్టోబరు 4న రహదారి ప్రమాదంలో మరణించాడు. అప్పటికి అతని వయసు 56. ఆ యంత్రం వండర్‌స్వాన్ పేరుతో 1999 మార్చిలో, 4,800 యెన్‌ల వెలతో విడుదలైంది. దానితోపాటు వచ్చిన గీతలు కలిపే ఆటకు అతని పేరుమీదుగా గున్‌పే అని పేరుపెట్టారు. తెరకు రంగులు లేవు. వెనుక దీపం లేదు. ఒక్క పెన్సిల్ బ్యాటరీతో ముప్పై గంటలకు పైగా ఆడేది.